ఆ చిన్న పిల్ల చెప్పిన నిజం

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాలలో షిఫ్టుల మీద బ్రతికే యువకులకు సినిమాయే చౌకగా దొరికే వినోదం. సెల్‌ఫోనులో చూస్తారు, భోజన విరామంలో వాదించుకుంటారు. మదర్సాలో పాఠాలు చెప్పుకునే మా చెవిన కూడా ఆ వాదనలు పడుతూనే ఉంటాయి. మా మేనల్లుడు అక్కడొక రసాయన కర్మాగారంలో ఆపరేటరు. సినిమాలంటే వాడికి ప్రాణం. వచ్చినప్పుడల్లా కథలు చెబుతాడు. మేము అడ్డు చెప్పము. పూర్తిగా వినకుండా తీర్పు చెప్పడం మాకు అలవాటు లేదు.

వాడి అభిరుచిని తక్కువ చేయలేము. 2023లో వచ్చిన వేణు యెల్దండి 'బలగం' వాడికి ఎంతో ఇష్టం. చావింటి చుట్టూ అల్లిన కథ అది. ఎన్నడో విందులో ఒక నల్లి బొక్క దగ్గర పుట్టిన అలక అల్లుణ్ణి అత్తింటికి ఏళ్ళ తరబడి దూరం చేస్తుంది. నల్లీ కోసం అలిగిన బావగారు మన బంధువర్గంలో లేరని ఎవరనగలరు? పల్లెల్లో తెరలు కట్టి చూపిస్తే జనం కన్నీరు పెట్టుకున్నారు. ఇక 2022 నాటి 'సీతారామం'. వాడు నాయికానాయకుల ప్రేమను వర్ణిస్తుంటే మేము ఆఫ్రీన్ గురించి అడిగాము. తాత వీలునామా కారణంగా, ఇరవై ఏళ్ళుగా చేరని ఉత్తరాన్ని చేర్చవలసి వచ్చిన అమ్మాయి ఆమె. ఆస్తి కోసమే బయలుదేరినా, మోసింది అమానతునే.

"మీకు ప్రేమ కనబడదు మామూ, ఉత్తరమే కనబడుతుంది" అని నవ్వాడు.

మాకు అసలు వాదం వచ్చింది 'దృశ్యం' దగ్గర. 2013లో జీతూ జోసెఫ్ మలయాళంలో తీసిన ఈ కథ, మరుసటి ఏడు శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేష్‌తో తెలుగులోకి వచ్చింది. తమిళం, కన్నడం, హిందీలతో ఆగక చైనా వరకూ వెళ్ళింది. కథానాయకుడు కేబుల్ టీవీ నడుపుకునే మనిషి, స్వయంగా సినిమా పిచ్చివాడు. పెద్ద కూతురిని రహస్యంగా చిత్రీకరించి బెదిరించిన కుర్రవాడు ఆ ఇంటి ఆడవాళ్ళ పెనుగులాటలో చనిపోతాడు. సినిమాలు చూసి నేర్చిన తెలివితో తండ్రి ఆ చావును దాచేస్తాడు. మా మేనల్లుడి దృష్టిలో అంతటి తండ్రి లేడు.

ఆ తండ్రి వేదన మాకూ తెలుసు. మేమూ ఆడపిల్లలను పెంచినవాళ్ళమే. చనిపోయినవాడి తల్లి పోలీసు ఉన్నతాధికారి. న్యాయం దొరకదన్న భయం అకారణమైనది కాదు. అయినా మా చూపు చిన్న కూతురి మీదనే నిలిచిపోతుంది. పోలీసులు ఏమి అడిగితే ఏమి చెప్పాలో తండ్రి ఆ పసిదానికి పాఠంలా వల్లె వేయిస్తాడు. వల్లె వేయించడమే మా వృత్తి. ఆ వయసులో నాలుకకు అలవాటైనది ఎంత లోతుకు దిగుతుందో మేము ఎరుగుదుము. చివరకు దెబ్బలకు తాళలేక నిజం చెప్పేదీ ఆ పిల్లే. అప్పుడు ప్రేక్షకులు అయ్యో అంటారు. పిల్ల దెబ్బలు తిన్నందుకు కొంత, నిజం బయటపడినందుకు అంతకంటే ఎక్కువ! పసిపిల్ల నిజం చెబితే జనం దిగులుపడేలా కథ అల్లడం గొప్ప నేర్పు. మాకు భయం కలిగించేదీ ఆ నేర్పే.

వాడితో ఈ వాదం ఊరికే పెట్టుకోలేదు. గత నెల వాడి షిఫ్టులో ఒక వాల్వు వేళకు మూయక, బీహారు నుంచి వచ్చిన కూలీ చేతులు రెండూ కాలాయి. ఆ వాల్వు బాధ్యత వాడి స్నేహితుడిది. అతనికి ఇద్దరు చిన్న కూతుళ్ళు. కూలీయే ముట్టరాని చోట ముట్టాడని విచారణలో చెప్పమని తోటివారు అడిగారట.

"ఒక ఇల్లు నిలబడుతుంది కదా మామూ, దృశ్యంలోలాగ" అన్నాడు.

తనవారికి వ్యతిరేకమైనా నిజమే పలకాలన్న సాక్ష్య ధర్మాన్ని వాడికి చిన్నప్పుడు నేర్పింది మేమే. దానిని మళ్ళీ ఎత్తలేదు. ఆ కూలీకి ఇంటి దగ్గర ఎవరెవరున్నారని మాత్రం అడిగాము. వాడికి తెలియదు. రెండేళ్ళుగా పక్కనే పనిచేసిన మనిషి!

మరునాడు షిఫ్టుకు ముందే బయలుదేరి ఆసుపత్రికి వెళ్ళాడు. సాయంత్రం ఫోను చేసి, ఆ కూలీకి పెళ్ళికాని ముగ్గురు చెల్లెళ్ళు ఉన్నారని చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. విచారణ వచ్చే సోమవారం.