ఖాళీ తెర

విమ్ తెరిస్తే ఎడమ అంచున నిలువుగా టిల్డె గుర్తులు, మధ్యలో కొన్ని వరుసలు, వాటిలో ఉగాండా పిల్లలకు సాయం చేయమనే ఒక వాక్యం. అంతే. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన, కోడ్ రాసుకునే ఎడిటర్ ఇది. ఆయన 2023లో పోయారు. నా తెర మీద ఆ వాక్యం అలాగే ఉంది.

ఇంటెలిజే అనే ఎడిటర్ తీరు వేరు. ప్రాజెక్టంతా ముందు తానే చదువుకుంటుంది. కింద మూలన ఒక గీత మెల్లగా నిండుతుంది. ఆ తర్వాత ఒక ఫంక్షన్ పేరు మారిస్తే అది వాడిన ప్రతి ఫైల్లోనూ తనే మార్చేస్తుంది. జావా పనికి అదే మేలు. విమ్ అభిమానులు ఒప్పుకోరు, పోనీ. 2015లో వీఎస్ కోడ్ ఎడిటర్ వచ్చాక కుర్రాళ్లకు ఈ తగువే పట్టదు.

మరి నా చేయి ఆ ఖాళీ తెర వైపే ఎందుకు పోతుంది? నాకు పటాన్‌చెరు గుర్తొస్తుంది. అక్కడి పారిశ్రామికవాడ షెడ్లలో లేత్ మీద పనిచేసే పాత మేస్త్రీలు టూల్ బిట్‌ను గ్రైండర్ మీద తామే సానపట్టుకుంటారు. రవ్వలు ఎగురుతుంటే అంచు వాలు కంటితోనే చూసుకుంటారు. పక్క షెడ్డులో కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రం అదే లేత్ పని చకచకా ముగిస్తుంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

విమ్ సెట్టింగులుండే నా విమ్‌ఆర్‌సీ ఫైల్లో కొన్ని వరుసలు ఎందుకు రాశానో గుర్తులేదు. ఒకటి మాత్రం పాత ఆఫీసులో పక్క సీటు మిత్రుడు నేర్పిన షార్ట్‌కట్. అతను డల్లాస్ వెళ్లిపోయాడు. మాట్లాడుకుని చాలా కాలమైంది. ఆ వరుసతో ఇప్పుడు పనిలేదు. అయినా కొత్త లాప్‌టాప్ చేతికొస్తే ముందు ఆ ఫైలే కాపీ చేస్తాను.