బాటిల్ బ్రష్, మన జామకు చుట్టం

నయాపూల్ అంటే కొత్త వంతెన. ఎప్పటి కొత్తో! 1908 మూసీ వరద వెళ్ళి నూరేళ్ళు దాటినా దాని పేరులో కొత్తదనం పోలేదు. దానికి కొద్ది దూరంలో ఒక ఆవరణలో ఉన్న బాటిల్ బ్రష్ చెట్టుదీ అదే కథ. ఆస్ట్రేలియా నుంచి వచ్చి తరాలు గడిచినా మనకది విదేశీ చెట్టే.

దూరానికి సీసాలు కడిగే ఎర్ర బ్రష్షులు వేలాడుతున్నట్లుంటుంది. మనం ఒక పువ్వనుకునేది నిజానికి ఎన్నో పూల కంకి. ఎరుపంతా కేసరాలదే, ఆకర్షణ పత్రాలు కంటికి ఆనవు. ఆకు నలిపితే తైలపు వాసన. కుటుంబం మిర్టేసీ. అంటే మన పెరటి జామ, నేరేడు, పోపుల పెట్టెలోని లవంగం దీని చుట్టాలే. జామపువ్వును దగ్గరగా చూడండి, ఆ కేసరాల కుచ్చు అక్కడా ఉంది! యూకలిప్టస్‌దీ ఈ ఇల్లే. దాని మొగ్గకు మూత ఉంటుంది, పూసేటప్పుడు ఊడిపోతుంది. 'బాగా కప్పబడినది' అనే గ్రీకు అర్థంతో దానికా పేరు పెట్టారు.

ఆవరణలోని మాలీ చాచాకు ఈ పేర్లేవీ తెలియవు. ఒకరోజు ఎండిన కంకుల వెనకాలే కత్తిరిస్తున్నాడు.

"ఇంకా కిందికి కొయ్యరాదా చాచా?" అన్నాను.

"పాత కట్టె దాకా కోస్తే పూలు లేటయితయి బేటా. పువ్వు అయిపోయినా కొమ్మ ఆగదు, ఇటు చూడు" అన్నాడు.

నిజమే, ఒక కంకి చివర లేత చిగురు! చాలా మొక్కల్లో పూలతో కొమ్మ ముగుస్తుంది. ఇక్కడ కంకిని దాటి కొమ్మ సాగిపోతుంది. కింద కట్టెను అంటుకుని, పూత తరువాత పూతగా గట్టి కాయల వరుసలు. చెట్టు తన డైరీ తానే రాసుకున్నట్లుంది.

ఆ వారమే ఇంటినుంచి ఫోను: "పూలూ ఆకులూ లెక్కపెడితే ఉద్యోగం వస్తుందా? కంప్యూటర్స్‌కు మారిపో." నాన్నగారి భయం అబద్ధం కాదు, మా ఇంట్లో ఒక్కరి జీతమే ఆధారం. ఉద్యోగం మాట నేనూ హామీ ఇవ్వలేను. అయినా, "ఈ మూడేళ్ళూ ఇదే చదువుతాను నాన్నా, తరువాత బి.ఇడి. చేసి మన ఊళ్ళోనే పాఠం చెబుతాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఫీజు కట్టే తేదీ ఎప్పుడు?" అని మాత్రం అడిగారు.

చాచా వచ్చే ఏడు పని మానేస్తాడట. ఆయన చెప్పేవి ఏ సిలబస్‌లోనూ లేవు. నా రికార్డులో ఎడమ పేజీ బొమ్మకు, కుడి పేజీ వివరణకు. ఇప్పుడు చివరి పేజీలు చాచా మాటలకు కేటాయించాను. మిత్రులారా, మీ వీధి మాలీని కూడా ఒకసారి పలకరించండి.