పందిరి విప్పే వరుస

పెళ్ళికి పందిరి వేస్తుంటే ఊరంతా చూస్తుంది. విప్పుతుంటే చూసేవాళ్ళు ఉండరు. కానీ అసలు కష్టమంతా విప్పడంలోనే ఉంది. ఆఖరి బంతి లేవాలి. గుండిగలు, గంగాళాలు లెక్క చూసి షామియానా షాపుకి అప్పచెప్పాలి. లైట్లవాడు తీగలు చుట్టుకోవాలి. ఆ తరవాతే గుంజలు పీకాలి. వరుస తప్పితే పందిరి ఎవరి నెత్తి మీదో పడుతుంది.

కంప్యూటర్ని ఆపడం కూడా ఇలాంటిదే. ఎమ్మెస్ చదివిన రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ లో ఈ పాఠం చదివే ఉంటాను. కానీ ఒంటపట్టించింది మాత్రం మా ఇంట్లో మెట్ల కింద క్లోజెట్లో ఉన్న ఒక చిన్న పెట్టె.

అది చెప్పులజోడు వచ్చే అట్టపెట్టె కంటే కాస్త పెద్దది. లోపల నాలుగు హార్డ్ డిస్కులు, లైనక్స్. కీబోర్డు లేదు, తెర లేదు. నేను గొప్పగా ‘హోమ్ సర్వర్’ అంటాను. మా ఆవిడ ‘మీ బీరువా’ అంటుంది. నిజానికి మా ఆవిడ మాటే సరైనది. మా అమ్మాయి పుట్టినప్పటినుంచీ తీసిన ఫొటోలు, టాక్సు కాగితాలు, అన్నిటికంటే ముఖ్యంగా మా నాన్న గొంతు అందులోనే దాచాం.

నాన్న కృష్ణా జిల్లాలో హైస్కూల్లో తెలుగు మాస్టారు. 1980ల్లో టూ ఇన్ వన్ ముందు కూర్చుని భాగవతం పద్యాలు పాడి రికార్డు చేసుకునేవారు. మధ్యలో అమ్మ ‘కాఫీ చల్లారిపోతోంది’ అనడం కూడా వినిపిస్తుంది. మొత్తం పధ్నాలుగు కేసెట్లు. నాన్న పోయాక వాటిని ఇక్కడికి తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎక్కించడం అవుతూనే రెండు టేపులు తెగి పీలికలయ్యాయి. మిగిలినవాటికి అప్పటికే బూజు. ఇక ఆ గొంతు ఉన్నది డిస్కుల మీదే.

ఒకచోటే ఉంటే ప్రమాదమని విజయవాడలో మా తమ్ముడి ఇంట్లో ఇలాంటిదే ఇంకో పెట్టె పెట్టాం. రెండిళ్ళ మధ్యా ఇంటర్నెట్ మీదుగా వీపీఎన్ అనే సొరంగం ఉంది. అందులోంచి తమ్ముడి పెట్టెలోని ఫోల్డరు నా పెట్టెకి సొంత ఫోల్డరులాగే కనిపిస్తుంది. ఇక్కడ మారినవన్నీ రోజుకోసారి అక్కడికి చేరతాయి.

2021 ఫిబ్రవరిలో మా టెక్సస్ గడ్డకట్టింది. 15వ తేదీ తెల్లవారుజామున కరెంటు కోతలు మొదలయ్యాయి. 45 లక్షలకి పైగా ఇళ్ళు, వ్యాపారాలకి కరెంటు పోయింది. ఆ తుఫానులో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్యశాఖ తరవాత లెక్క తేల్చింది. డాలస్ శివార్లలో మేం ముగ్గురం ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ఒకే గదిలో పడుకున్నాం. అలాంటి సమయంలో ఒక పెట్టె గురించి బెంగ పెట్టుకోవడం చిన్నతనంలాగే ఉంటుంది. అయినా పెట్టుకున్నాను.

దానికి ఇరవై నిమిషాలు వచ్చే యూపీఎస్ ఉంది. కరెంటు పోగానే యూపీఎస్ సర్వర్‌కి కబురు పెడుతుంది. సర్వర్ తనంతట తాను ఆగిపోవాలి. అది ఆగడం మొదలుపెట్టింది కానీ పూర్తిచెయ్యలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. బేటరీ అయిపోయి అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ వారంలో ఇలా మూడుసార్లు.

‘ఆగితే చాలు కదా, ఎలా ఆగితేనేం’ అని మీరు అనవచ్చు. ఫైలు సేవ్ చెయ్యగానే అది డిస్కు మీదకి వెళ్ళిపోదు. కాసేపు మెమరీలో ఉంటుంది. అందులోనూ నాలుగు డిస్కులు కలిసి రెయిడ్‌గా పనిచేసేచోట, ఒకదాని మీద రాసి ఇంకోదాని మీద రాసేలోగా కరెంటు పోతే లెక్కలు తేడా వస్తాయి. కరెంటు వచ్చాక ఆ పెట్టె గంటల తరబడి డిస్కులన్నీ మొదటినుంచీ సరిచూసుకుంటుంది. ఖర్మకాలి ఒక ఫైలు చెడితే, ఆ చెడిందే మర్నాడు విజయవాడకి కూడా వెళ్ళే ప్రమాదం ఉంది.

మంచు కరిగాక పనిలోకి దిగాను. ఇలాంటి జబ్బుల్లో ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. పెట్టె అసలు ఆగడమే లేదా, ఆగి మళ్ళీ లేస్తోందా? రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. ఆగి లేస్తుంటే వేక్ ఆన్ లాన్‌ని అనుమానించాలి. నెట్‌వర్కులో ఎవరైనా 255 అనే బైటుని 6 సార్లు, వెంటనే ఆ కార్డు అడ్రసుని 16 సార్లు పంపితే, నిద్రపోతున్న యంత్రం లేచి కూర్చుంటుంది. కరెంటు రాగానే లేవమనే సెట్టింగు బయాస్‌లో వేరే ఉంటుంది. మా దాంట్లో ఫ్యాను ఒక్క క్షణం కూడా ఆగలేదు. అంటే మొదటి జబ్బే.

ఆగమని చెప్పగానే లైనక్స్ ఒక్కొక్క ప్రోగ్రాముకీ 15వ నంబరు సంకేతం పంపుతుంది, ‘సర్దుకో నాయనా, వెళ్ళాలి’ అని. మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. అప్పటికీ కదలకపోతే 9వ నంబరు. అది యమపాశం. ఆ తరవాత డిస్కుల్ని విడదీసి, చిట్టచివర మదర్‌బోర్డుకి కరెంటు ఆపమని చెబుతుంది. అయితే శివలింగాన్ని పట్టుకున్న మార్కండేయుడిలాగా, కెర్నెల్ లోపల డిస్కు కోసమో నెట్‌వర్కు కోసమో ఎదురుచూస్తున్న ప్రోగ్రాముని కొన్నిసార్లు ఆ పాశం కూడా లాగలేదు. మా మార్కండేయుడెవరో తెలియాలి.

హాల్లో టీవీ తెచ్చి పెట్టెకి తగిలించి, ఆగమన్నాను. తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పక్కన ఒకటే వాక్యం: విజయవాడ ఫోల్డరుని విడదీసే పని జరుగుతోందట. తమ్ముడికి ఫోన్ చేశాను.

“ఒరేయ్, అక్కడ కరెంటు ఉందా?”

“ఉందన్నయ్యా. నీ పెట్టె పచ్చలైటుతో నిక్షేపంగా ఉంది. టెక్సస్‌లో కరెంటు పోయిందని విజయవాడలో ఉందా అని అడుగుతున్నావు. కాలం మారింది!”

వాడు నవ్వాడు కానీ నాకు కావలసిన ఆధారం దొరికింది. అవతలివాడు బాగానే ఉన్నాడు. మరి వీడికి ఎందుకు పలకడం లేదు? పెట్టెలో లాగ్ తీసి సెకన్ల వారీగా చదివితే తెలిసింది. సొరంగం మొదటి సెకనులోనే మూతపడింది. ఆ తరవాత ఫోల్డరుని విడదీయబోయింది. మూసేసిన సొరంగంలోకి తల పెట్టి, విజయవాడని పిలుస్తూ కూర్చుంది. గుంజలు పీకేశాక గుండిగల లెక్క అడిగినట్టు.

లైనక్స్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడే సిస్టమ్‌డీ, ఏ వరుసలో మొదలుపెట్టిందో దానికి సరిగ్గా ఎదురు వరుసలో ఆపుతుంది. ఆ ఫోల్డరు నెట్‌వర్కు మీద ఉందని దానికి తెలుసు. ఆ నెట్‌వర్కులో ఫలానా సొరంగం మీద ఆధారపడి ఉందని మాత్రం దానంతట దానికి తెలిసే దారి లేదు. ఫోల్డర్ల పట్టీలో ‘దీనికి ఆ సొరంగం కావాలి’ అని ఒక్క మాట చేర్చాను. సొరంగం తరవాత మొదలయ్యేది, సొరంగం కంటే ముందు ఆగుతుంది. 38 సెకన్లలో లైటు ఆరింది.

అక్కడితో వదల్లేదు. తమ్ముడి పెట్టె తీయించి మళ్ళీ ఆపి చూశాను. మళ్ళీ ఎర్ర చుక్కలు. అందుకని ఫోల్డరుని కాపీ చేసే గంట మాత్రమే కలిపి, అవగానే విడదీసేలా మార్చాను. ఆ తరవాత యూపీఎస్ ప్లగ్గే గోడలోంచి పీకి చూశాను. ఆగింది. ఆఖరున, కేసెట్లు ఎక్కించిన రోజున రాసిపెట్టుకున్న చెక్‌సమ్‌లతో నాన్న ఫైళ్ళన్నీ పోల్చాను. పధ్నాలుగు కేసెట్లు, ఇరవై ఎనిమిది వైపులూ సరిపోయాయి. ఆ రాత్రి ఒక వైపు పూర్తిగా విన్నాను, కాఫీ చల్లారడంతో సహా.

2024 మే 28న డాలస్‌లో పెద్ద గాలివాన వచ్చి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. నేను క్లయింటు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాను. “మీ బీరువా తనంతట తనే మూసుకుంది” అని మా ఆవిడ ఫోన్ చేసింది.

మీ ఇంట్లో ఇలాంటి పెట్టె ఉంటే, ఏ పనీ లేని ఒక ఆదివారం దాన్ని ఆపి చూడండి. చేతిలో గడియారం పెట్టుకుని చూడండి. తుఫాను రోజున చూసుకుందామంటే కుదరదు. మా క్లోజెట్ తలుపు లోపలి వైపు ఇప్పుడొక కాగితం అంటించి ఉంది. ఎలా ఆపాలో, ఏ లైటు ఆరాక ప్లగ్గు తియ్యాలో, నాన్న పద్యాలు ఎక్కడున్నాయో, తమ్ముడి నంబరేమిటో. మా ఆవిడ కోసం తెలుగులో, మా అమ్మాయి కోసం ఇంగ్లీషులో. నేను ఊళ్ళో లేని రోజులుంటాయి. అసలే లేని రోజూ ఒకటి వస్తుంది. ఆ రోజున తాతయ్య గొంతు వినాలంటే మా అమ్మాయికి లైనక్స్ రానక్కర్లేదు. ఆ కాగితం చదువుకుంటే చాలు.