చెట్టు ఎక్కేవాని కూలి

మొక్క నాటిననాడు ఖర్చును గూర్చి ఎవరూ తలచరు. అది మహావృక్షమైన పిదపనే లెక్క మొదలవుతుంది. మా వసతిగృహం కప్పుపైకి వంగిన గుల్‌మొహర్ కొమ్మలను తీయించడానికి మేము ఇద్దరిని విచారించాము. ఒకడు తక్కువ కూలికే చెట్టు తల నరుకుతానన్నాడు. రెండవ పెద్దాయన చెట్టు చుట్టూ తిరిగి చూచి, రెట్టింపు అడిగాడు.

"కొమ్మ నరకడం తేలిక బాబూ, దించడమే కష్టం" అన్నాడు. పక్కన కరెంటు తీగలున్నవి. ముందు సరఫరా ఆపించాలి. ప్రతి కొమ్మకు మోకు కట్టి మెల్లగా దించాలి. అడుగున ముందుగా గాటు పెట్టకపోతే కొమ్మ బరువుకు మాను బెరడు చీలుతుంది. తల నరికితే వచ్చే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ. గుల్‌మొహర్ అసలే పెళుసు. అవి గాలివానకు విరిగితే మళ్లీ కూలి తప్పదు. మొత్తం కొట్టించాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి.

కావున కమిటీ పెద్దలకు మా మనవి: ధర ఒక్కటే చూడక, ఎక్కేవాని నడుముకు తాడున్నదా, క్రింద తోడున్నాడా అని కూడ అడుగండి. ఆ కూలిలో పెద్ద భాగం మనిషి క్షేమంగా దిగిరావడానికే.