తంగేడు ఆకుకు చెవులుంటయ్



అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడుస్తూ, పసుప్పచ్చని పూలు కనబడగానే తంగేడు అనకండి. పువ్వును కాదు, ఆకును చూడండి. నీడ కోసం పెంచే సీమ తంగేడు పెద్ద చెట్టు. మన తంగేడు పొద. రెండింటికీ కాడకు అటూ ఇటూ జంటలుగా చిట్టాకులుంటాయి. అయితే తంగేడు చిట్టాకులు చిన్నవి. కాడ కొమ్మకు అతికేచోట గుండ్రటి చెవుల్లాంటి రేకులుంటాయి. సీమ తంగేడుకు ఆ చెవులు కనబడవు. 1753లో లిన్నేయస్ పెట్టిన 'ఆరిక్యులాటా' అనే పేరుకు అర్థం కూడా చెవులున్నదనే.

మా మాదిగోళ్లకు ఈ గుర్తింపు బతుకుదెరువు. లందలో తోలు ఊనడానికి కావలసింది తంగేడు చెక్కే. ఏ పొద చెక్క కొట్టాలో తెలియకపోతే పని సాగదు.

తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. మంచిదే. కానీ తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను పువ్వు గురించి చదివినంత చెక్క గురించి చదవలేదు. పువ్వుకు దండం, లందకు ముక్కు మూసుకోవడం!

వృక్షశాస్త్రం చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, హెర్బేరియం షీటు మీద 'ఉపయోగం' దగ్గర 'తోలు ఊనడం' అని రాసి ఆపకండి. ఎవరు ఊనారో కూడా రాయండి.