బొద్దక్షరముల బాగోగులు

విజయవాడ బీసెంటు రోడ్డునందలి బట్టలకొట్ల బల్లలను, గాంధీనగరమునందలి చలనచిత్రముల గోడపత్రికలను మీరు చూచియే యుందురు. వానిపై నక్షరములు లావుగను, ఇరుకుగను, ఒకదాని నొకటి యొరసికొని నిలిచియుండును. కొద్దిచోట నెక్కువ మాటలు దూరమునకు గనబడవలె ననుటయే వాని ప్రయోజనము. ఇది అచ్చువారి సంగతి, మనకేల యనకుడు. మందుసీసామీది చీటిని, బడి ప్రకటనను జదువవలసినవారము మనమే గదా!

ఈ పద్ధతి యాంగ్లలిపి నుండి వచ్చినది. ఆంగ్లాక్షరముల కొనలకు చిన్న పాదములవంటి గీత లుండును. అవి లేనివానిని శాన్స్ సెరిఫ్ అందురు. 1816 ప్రాంతమున లండనులో విలియం కాస్లన్ అను నతడు అట్టి యచ్చక్షరములను మొదట బోతపోసెను. 1965లో జెఫ్రీ లీ తీర్చిన ఇంపాక్ట్ అను లావుపాటి యిరుకక్షరము నేడు పెక్కు కంప్యూటర్లలో గలదు. ఆ లిపిలో నిలువుగీత లధికము గనుక, ఇరికించినను రూపము నిలుచును.

మన యక్షరము గుండ్రనిది; పైన తలకట్టును గుడియు, క్రింద నొత్తును గలది. దానిని లావుచేసి నొక్కినచో లోపలి ఖాళీలు పూడిపోవును. పకారమునకు తలకట్టు విడిగా నుండును, వకారమునకు గలిసియుండును. ఆ సందు పూడినచో పంట వంట యగును. నడిమి చుక్క పోయినచో థకారము ధకార మగును.

ఈ కష్టమెరిగి శ్రమించినవారు లేకపోలేదు. పురుషోత్ కుమార్ గుత్తులగారు తీర్చిన లావక్షరమునకు రాయల యాస్థానకవి యగు అయ్యలరాజు రామభద్రుని పేర 'రామభద్ర' యని పేరిడి, సిలికానాంధ్రవారు ఉచితముగ నొసగిరి. మా నాయనగారియొద్ద రామాభ్యుదయము చదువుకొన్న నాకు, ఆ కవి పేరు శుభలేఖలకు గోడపత్రికలకు నెక్కుట ముచ్చట గొల్పినది. 2022లో ముంబయి ఎక్ టైప్ వారు తెలుగుతో గూడ పది లిపులకు 'అనేక్' అను నక్షరకుటుంబము నిచ్చిరి. అందు లావును వెడల్పును వేర్వేరుగ మార్చుకొనవచ్చును. ఇరుకుదనమునకు దగినట్లు అక్షరమును మరల గీయుట వేరు, ఉన్నదానిని యంత్రముతో నొక్కుట వేరు.

మా యత్తగారు నడివయసున నక్షరములు నేర్చుకొన్నారు. పత్రికలో నిండుపుటను దడబడక చదువుదురు. ఒకనాడు కంటివైద్య శిబిరపు కరపత్రము మా యింటికి వచ్చినది. అది మొదలు తుది వరకు నొక్కిన లావక్షరములే. ఆమె రెండు పంక్తులు చూచి, "నాకు చదువు రాదులే, అమ్మాయీ, నీవే చదువు" అని నా చేతి కిచ్చిరి. ఆ మాట నా మనసును నొప్పించినది. మావారు నాటిరాత్రి దానిని కంప్యూటరున మరల గూర్చి, శీర్షిక మాత్రము లావుగ నుంచి, తక్కినది సాధారణాక్షరములతో ముద్రించి తెచ్చిరి. అత్తగారు దానిని బిగ్గరగ జదివి, శిబిరపు తేదీని ఇరుగుపొరుగువారికి తామే చెప్పి వచ్చిరి.

కావున, సోదరులారా, శుభలేఖయైనను కరపత్రమైనను అచ్చొత్తించునపుడు, శీర్షికయందు నాలుగైదు మాటలకే లావక్షరము నుంచుడు. అసలు సంగతిని సాధారణాక్షరములతో, పంక్తుల నడుమ నొత్తులకు జోటు విడిచి కూర్పించుడు. చిత్తుప్రతిని ముందుగ నింటిలోని పెద్దలచే జదివించి, వారు తడబడినచోట నక్షరములను మార్పించుడు.