చేనిలో గునుగు ఏమైంది?

వనపర్తి దగ్గర మా అత్తమ్మ చేనులో జొన్న సాళ్ల మధ్య పెసర, కంది, అనుములు ఉండేవి. ఒకటి పూత రాలిస్తే ఇంకొకటి పూసేది. తేనెటీగలకి నెలల తరబడి తిండి. కంకులకి పిచ్చుకలు, చిలకలు సరేసరి. కలుపు తీసిన రోజున ఒడినిండా గురుగు, తుమ్మి కూర ఇల్లు చేరేవి. పెసరపప్పులో గురుగు వేసి, వెల్లుల్లి తాలింపు పెడితే ఇంకో కూర అక్కర్లేదు.

ఇప్పుడు చేనంతా పత్తి. గద్వాల వైపు విత్తన పత్తి. కలుపుమందు కొడితే ఆకుకూరతో పాటు గునుగూ మాడిపోతుంది. నాగర్‌కర్నూలులో మా ఆడబిడ్డ బతుకమ్మకి గునుగు బజారులో కొన్నది!

పిల్లల ఫీజులకి పత్తి కావాలి, కాదనను. కానీ ఇంటి మట్టుకు నాలుగు సాళ్లు జొన్న, కంది వేయించండి. అక్కడ మందు కొట్టనివ్వకండి. నేలలో దాగిన గింజ వానకి మొలుస్తుంది. కూర మనకి, కంకి పిచ్చుకకి, పువ్వు బతుకమ్మకి.